గాల్జీని పోస్టాఫీసు అనడం మానేద్దాం

కణంలో తయారైన ప్రోటీనుకు తాను కేంద్రకానికి వెళ్లాలో, చెత్తను అరగించే సంచి అయిన లైసోసోముకు వెళ్లాలో ఎలా తెలుస్తుందని కొందరు అడిగారు. దానికేమీ తెలియదు, వెళ్లవలసిన చోటి గుర్తు దాని ఒంటిమీదే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను గాని, ఈ సంగతి నాకు ఒంటబట్టింది మాత్రం రావులపాలెం అరటి మార్కెట్లో.

మా మేనమామ అక్కడ గెలలు కొని లారీలకు ఎక్కించేవారు. డిగ్రీ సెలవుల్లో, కాడ కోసిన చోట రంగుతో గుర్తు పెట్టే పని నాకు అప్పగించారు. ఒక తెల్లవారుజామున వాన కురిసి, రంగు ఆరకముందే కారిపోయింది. రాజమండ్రికి పోవలసిన కర్పూర గెలలను హమాలీలు ఒడిశా లారీలోకి ఎక్కించేశారు. నేను లబోదిబోమంటే, "గుర్తు లేని గెల దూరపు లారీకేరా, అది ఇక్కడి వాడుక" అన్నారు మామయ్య.

ఐ-సెల్ అనే అరుదైన వంశపారంపర్య వ్యాధిలో జరిగేది సరిగ్గా ఇదే. లైసోసోము ఎంజైములకు ప్రోటీన్లను సర్ది పంపే కణాంగమైన గాల్జీలో మానోజ్-6-ఫాస్ఫేట్ అనే గుర్తు పడాలి. ఆ గుర్తు వేసే ఎంజైము లోపిస్తే, అవి చాలావరకు కణం దాటి రక్తంలోకి పోతాయి. లైసోసోముల్లో అరగవలసిన చెత్త అరగక పేరుకుపోతుంది.

గుర్తు ప్రోటీనులోనే ఉంటుందని 1971లో డేవిడ్ సబాటినీ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి ఊహించి, తరువాత ప్రయోగాలతో నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. బయటికి పోవలసిన ప్రోటీను మొదట్లో ఇరవై ముప్ఫై అమైనో ఆమ్లాల ముక్క ఉంటుంది. అది, ప్రోటీన్లను తయారుచేసే రైబోజోము నుంచి తొంగిచూడగానే ఒక రేణువు పట్టుకొని, రైబోజోముతో సహా, గాల్జీకి ముందు మజిలీ అయిన పొరల వల, అంతర్జీవద్రవ్య జాలం దగ్గరికి చేరుస్తుంది. లోపలికి దూరుతుండగానే ఆ ముక్క తెగిపోతుంది.

ఇంత కథ ఉండగా, "గాల్జీ కణానికి పోస్టాఫీసు" అని ఒక్క వాక్యం రాసి మార్కులు కొట్టేయడం మన పిల్లలకు అలవాటైంది. కేంద్రకానికీ, మైటోకాండ్రియాకూ పోయే ప్రోటీన్లు ఆ పోస్టాఫీసు గడప తొక్కనే తొక్కవు. కణద్రవ్యంలో తయారై నేరుగా పోతాయి. మైటోకాండ్రియాలోకి మడతలు విప్పుకొని దారంలా దూరితే, కేంద్రకంలోకి మడతలతోనే వెళ్తాయి. కేంద్రకపు గుర్తును కణం కత్తిరించదు కూడా. కణ విభజనలో కేంద్రక త్వచం విచ్ఛిన్నమై ప్రోటీన్లన్నీ బయటపడతాయి కదా, కొత్త త్వచం ఏర్పడ్డాక అదే గుర్తు చూపించి మళ్లీ లోపలికి వెళ్లాలి.