పదిహేడేళ్లకే తల్లి అయిన నాకు ఆపరేషన్ ఒక్కటే దారి అన్నారు

పద్దెనిమిదేళ్లు నిండకముందే తల్లులైనవారు ఆ తర్వాత గర్భనిరోధక పద్ధతిని ఎలా ఎంచుకుంటారని అడిగారు. నర్సంపేట దగ్గరి మా ఊరి వరకు చెప్పాలంటే, వారు ఎంచుకోరు, ఇంట్లోవాళ్లు నిర్ణయిస్తారు. మొదటి కాన్పు, రెండో కాన్పు, వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. మధ్యలో మాత్రల మాట గానీ కాపర్-టీ మాట గానీ రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలోని వివాహిత మహిళల్లో దాదాపు 62 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. తొందరగా తల్లులైనవారే అందరికంటే ముందు ఆ బల్ల ఎక్కుతారని నా గట్టి నమ్మకం.

నాకు పదిహేడేళ్లకు పాప పుట్టింది. కాన్పు జరిగిన 48 గంటల్లోపే కాపర్-టీ వేయించుకోవచ్చని ఆశా కార్యకర్త చెప్పబోతే, అది పైకి పాకి గుండెకు తగులుతుందని మా అత్తమ్మ ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు. గర్భసంచిలో వేసినది గుండెకు చేరదని ఆ వార్డులో ఎవరూ గట్టిగా చెప్పలేదు.

2018లో, నా ఇరవయ్యో ఏట బాబు పుట్టాడు. కాన్పుతో పాటే ఆపరేషన్ కూడా చేయించి ఇంటికి తీసుకుపోవాలని అత్తమ్మ అప్పటికే నిర్ణయించింది. కాగితాలు నింపుతున్న నర్సు వయసు అడిగితే, నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ “ఇరవై మూడు నడుస్తున్నయి మేడం” అన్నది. పెళ్లినాడు పద్దెనిమిది నిండాయని చెప్పి పెంచిన నా వయసును ఆమె ఆ రోజు మరోసారి పెంచింది. నర్సు ఆధార్ కార్డు చూసి, ఇరవై రెండేళ్లు నిండనిదే ఆపరేషన్ చేయరాదని ప్రభుత్వ నిబంధన ఉందని చెప్పింది. “ఇద్దరు పిల్లల తల్లికి ఇంకా వయసు నిండలేదంటరేంది?” అని అత్తమ్మ వాదించింది. నిజానికి ఆ ప్రశ్న పెళ్లి కుదిర్చినప్పుడు అడగవలసింది.

ఆ తిరస్కరణ వల్లనే నాకు వేరే పద్ధతులు ఉన్నాయని తెలిసింది. నెలన్నర తర్వాత ఆరోగ్య కేంద్రంలో గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టాను. నెలసరి ఆగిపోయేసరికి చెడు రక్తం లోపలే నిలిచిపోతోందని ఇంట్లో గొడవ జరిగింది. ఆ మందుతో అలా జరగడం మామూలేనని, రక్తం ఎక్కడా పేరుకుపోదని ఏఎన్ఎం అక్క ఇంటికి వచ్చి వివరించింది. మొదటి సూదినాడే ఈ మాట చెప్పి పంపితే సగం మంది మధ్యలో మానేయరు. మందు ఇవ్వడానికి దొరికే సమయం మాట చెప్పడానికి ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

ఇరవై రెండు నిండాక ఆపరేషన్ మాట మళ్లీ వచ్చింది. అప్పటికి నేను పదేళ్లు పనిచేసే కాపర్-టీ గురించి తెలుసుకొని ఉన్నందున అదే వేయించుకున్నాను. ఇరవై రెండేళ్లకే శాశ్వతంగా ముగించుకుంటే, రేపు జీవితం ఏ మలుపు తిరిగినా ఆపరేషన్‌లో మూసిన నాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స ఫలిస్తుందన్న హామీ లేదు.

ఇక పిల్లలు వద్దే వద్దనుకుంటే కడుపు తెరవనవసరం లేని, మగవారికి చేసే వేసెక్టమీ ఆపరేషన్ ఉండనే ఉంది. ఆ మాట ఎత్తితే మా ఆయన పత్తికి మందు కొట్టాలని, బస్తాలు మోయాలని అన్నారు. ఆపరేషన్ అయిన నెలకే మా ఆడబిడ్డ మిరప కల్లంలో బస్తాలు ఎత్తిన సంగతి గుర్తు చేస్తే, ఆ చర్చ అంతటితో ఆగిపోయింది.