పాఠకుల సందేహాలు: బడి పిల్లల కంచం సంగతి గ్రామసభలో తేలుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా వింజమూరు మండలంలోని మెట్ట గ్రామం. ఒకప్పుడు సజ్జ, కొర్ర, వరిగ ఇంటింటా వండుకున్న ఊరు. ఇప్పుడు మా బడిలో రాగిజావ సగం గ్లాసుల్లోనే మిగిలిపోతోంది, కూరగాయలేమో పట్నం నుంచి వస్తున్నాయి. మన చేలల్లో పండేవి వాడుకోవచ్చు కదా అని గ్రామసభలో అడిగితే, మెనూ పైనుంచి వస్తుందని, మన చేతిలో ఏమీ లేదని అన్నారు. నేను వెళ్ళేసరికే సంతకాల పుస్తకం నిండి ఉంది. పంచాయతీకి ఈ విషయంలో నిజంగా అధికారం లేదా? (ఒక వార్డు సభ్యురాలు)

జవాబు: మీకు చెప్పిన మాట సగమే నిజమమ్మా. బడి మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఏమి పెట్టాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. బియ్యం, గుడ్లు, చిక్కీలు పైనుంచే వస్తాయి. అయితే కూరగాయలు, పప్పు, నూనె వంటివి పిల్లల లెక్కన వచ్చే డబ్బుతో వంట ఏజెన్సీ మహిళలే, అంటే బడిలో వండిపెట్టేవారే కొంటారు. బిల్లులు ఆలస్యమైతే వాళ్ళు అప్పు ఇచ్చే కొట్టుకు కట్టుబడిపోతారు, ఆ కొట్టు సాధారణంగా పట్నంలో ఉంటుంది. మీ ఊరి బెండకాయ, గోంగూర బడి గడప తొక్కకపోవడానికి అసలు కారణం చాలా చోట్ల ఇదే. కనుక గ్రామసభలో మొదట అడగవలసిన ప్రశ్న మెనూ గురించి కాదు, బిల్లు ఎప్పుడు వస్తోందన్నది.

చట్టం మీ పక్షాన ఉంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన పదకొండో షెడ్యూలులో, అంటే పంచాయతీలకు అప్పగించదగిన పనుల పట్టికలో ఉన్న 29 అంశాలలో వ్యవసాయం, స్త్రీ శిశు సంక్షేమం, ప్రజా పంపిణీ వ్యవస్థ ఉన్నాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాథమిక బడి పిల్లవానికి మధ్యాహ్నం 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 700 క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు హక్కుగా ఇచ్చింది. అదే చట్టంలోని 28వ సెక్షను చౌక దుకాణాలతో పాటు ఇతర సంక్షేమ పథకాలపైనా సామాజిక తనిఖీ (ప్రజల ముందు లెక్కలు, పనితీరు సరిచూడడం) జరిపించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. ఆహార ధాన్యాలంటే బియ్యం, గోధుమలే కాదు, రాగి, సజ్జ వంటి ముతక ధాన్యాలు కూడా అని నిర్వచించిందీ ఆ చట్టమే. ఇవన్నీ చేతిలో పెట్టుకుని "మన చేతిలో లేదు" అనడం సరికాదు.

ఇక రాగిజావ సంగతి. రాష్ట్రంలో 2023 మార్చిలో బడి పిల్లలకు దీనిని మొదలుపెట్టారు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. అంతటి ఆహారాన్ని పిల్లలు పారబోస్తున్నారంటే తప్పు పిల్లలదీ కాదు, రాగులదీ కాదు. ఒక బడి వంటగదిలో నేను స్వయంగా చూశాను: మరిగే నీళ్ళలో పిండిని నేరుగా పోయడంతో ఉండలు కట్టింది, పిల్లలు వరుసలో నిలబడేసరికి పైన మీగడలా తెట్టు కట్టింది. పిండిని ముందుగా చన్నీళ్ళలో జారుగా కలిపి, ఎసట్లో పోస్తూ గరిటెతో తిప్పుతుంటే ఉండలు కట్టదని పక్కనున్న ఆయమ్మ చెప్పింది, మర్నాడు అలాగే చేసి చూపించింది. ఆ మాట ఏ సమావేశంలోనూ ఎవరూ ఆమెను అడగలేదు.

అందుకే సభకు వారం ముందే వండేవారిని, తినే పిల్లలను, పండించే రైతులను విడివిడిగా కలవండి. పొదుపు సంఘాల మహిళలను తప్పక కలుపుకోండి. వారు తయారుచేసే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికను పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చే పద్ధతి ఇప్పటికే ఉంది. మీ మండలానికి పొరుగున ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న మహిళలు కదిలాకే సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. పొయ్యి దగ్గర నిలబడే మనిషికి తెలిసిన సంగతి కాగితంలోకి ఎక్కితే ఎంత దూరం పోతుందో మీ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు.

తీర్మానాన్ని మటుకు గట్టిగా రాయించండి. "స్థానిక ఆహారాన్ని ప్రోత్సహించాలి" అన్న వాక్యం ఎవరినీ కదిలించదు. ఏ కూరగాయ, వారానికి ఎన్ని కిలోలు, ఎవరి దగ్గర, ఏ ధరకు, ఏ తేదీ నుంచి అన్నవి అందులో ఉండాలి. పెరటి తోటకు బడి ఆవరణలో స్థలం, బోరు నీరు ఎవరు చూస్తారో రాయాలి. పంచాయతీ సమావేశాల్లో పెట్టే పలహారం మటుకు పూర్తిగా పంచాయతీ ఇష్టమే. అక్కడ సజ్జ బూరెలు, వేరుశనగ ఉండలు పెట్టి మొదలుపెట్టవచ్చు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు 2022 జులై 1 నుంచి నిషిద్ధం కనుక వాటి బదులు స్టీలు గ్లాసులు, విస్తరాకులు వాడాలి. సంతకాలు చర్చ ముగిశాకే తీసుకోవాలని పట్టుబట్టండి. ముందే నింపిన పుస్తకం మళ్ళీ కనిపిస్తే, సమాచార హక్కు చట్టం కింద తీర్మానాల నకలు కోరండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

ప్రశ్న: ఎవరేం తినాలో గ్రామసభ చెప్పడమేమిటి? మా పిల్లలకు అన్నమే ఇష్టం. (ఒక తండ్రి, కావలి)

జవాబు: మీ ఇంటి కంచం మీద గ్రామసభకు ఏ అధికారమూ లేదు, ఉండకూడదు కూడా. ప్రజల సొమ్ముతో వండేది ఎక్కడిది కొనాలి, ఎలా వండాలి అన్నంతవరకే చర్చ. అన్నాన్ని తీసేయమని ఎవరూ అనడం లేదు. ఈసారి సభ జరిగినప్పుడు మీరూ వెళ్ళి, మీ పిల్లలు బడిలో ఏది తింటున్నారో, ఏది వదిలేస్తున్నారో అక్కడే చెప్పండి, ఆ మాటను రాయించండి.