పిల్లాడు ఐస్ హాకీ ఆడతానంటే

కెనడా వచ్చిన తొలి చలికాలంలోనే పిల్లాడు హాకీ స్కేట్లు అడుగుతాడు. "అది తెల్లవాళ్ళ ఆట, మనకెందుకురా" అనేస్తారు చాలామంది. అనేముందు ఆ ఆట చరిత్ర కొంచెం తెలుసుకోండి.

కెనడా తూర్పుతీరపు ఊరు హాలిఫాక్స్‌లో నల్లజాతివాళ్ళు బాప్టిస్టు చర్చిల అండతో 1895లోనే సొంత హాకీ లీగ్ పెట్టుకున్నారు. ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్ పుట్టింది ఆ తర్వాత, 1917లో. వాళ్ళకు ఆట రాక కాదు, రానివ్వక దూరంగా ఉన్నారు. టొరంటో నల్లజాతి ఆటగాడు హెర్బ్ కార్నెగీ 1940లలో ఎంత బాగా ఆడినా ఎన్‌హెచ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ దక్కలేదు. 1958 జనవరి 18న విల్లీ ఓరీ బోస్టన్ బ్రూయిన్స్ తరఫున మాంట్రియల్‌లో బరిలో దిగాడు, ఎన్‌హెచ్ఎల్‌లో తొలి నల్లజాతి ఆటగాడు అతనే. అంతకుముందే పక్ (ఆటలో కొట్టే గట్టి రబ్బరు బిళ్ళ) తగిలి కుడికన్ను చూపు దాదాపు పోయింది; ఆ సంగతి దాచిపెట్టి ఆడాడు. మొత్తం 45 మ్యాచులు. రెండో నల్లజాతి ఆటగాడు మైక్ మార్సన్ వచ్చేసరికి 1974 అయింది. ఆ తర్వాత నల్లజాతి గోల్‌కీపరు గ్రాంట్ ఫ్యూర్ ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టుతో అయిదుసార్లు ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచాడు, జెరోమ్ ఇగిన్లా 625 గోల్స్ కొట్టాడు. మన దేశపు మూలాలున్న రాబిన్ బావా 1989లో వాషింగ్టన్ క్యాపిటల్స్‌కు ఆడాడు.

అంతా సర్దుకుందని మాత్రం చెప్పలేం. 2011లో ఒంటారియోలోని లండన్‌లో ఎన్‌హెచ్ఎల్ నల్లజాతి ఆటగాడు వేన్ సిమండ్స్ మీదికి ప్రేక్షకుల్లోంచి అరటిపండు తొక్క విసిరారు. పిల్లల ఆటలోనూ రంగు మీద, పేరు మీద మాట పడొచ్చు. పడితే "పోనీలే" అని ఊరుకోకండి. తేదీ, ఆటలో ఎన్నో పీరియడ్ (భాగం), అన్నవాడి జెర్సీ నంబరు, అన్న మాట అన్నట్టుగా అప్పుడే ఫోన్లో రాసుకోండి. రెఫరీ చెవిన పడకపోయినా కోచ్ చేత ఆయనకు చెప్పించండి. కెనడాలో ఈ ఆటను నడిపే సంస్థ హాకీ కెనడా రూల్ బుక్‌లో 11.4 వివక్షకు సంబంధించిన నియమం. దానికి గ్రాస్ మిస్‌కండక్ట్, అంటే ఆటలోంచి బయటికి పంపే పెద్ద శిక్ష పడుతుంది. ఆ రాత్రే మీ ఊరి హాకీ అసోసియేషన్‌కు ఈమెయిల్ పెట్టండి. అవతలి పిల్లాడి తల్లిదండ్రులతో పార్కింగ్‌లో వాదనకు దిగారో, ఫిర్యాదు మీ మీదికే తిరుగుతుంది.

నిజానికి మనవాళ్ళు ముందు తడబడేది సామాన్ల దగ్గర. హెల్మెట్ మొహం కప్పే కేజ్‌తో, సీఎస్ఏ (కెనడా భద్రతా ప్రమాణాల) గుర్తుతో ఉండాలి. నెక్ గార్డ్ మరవొద్దు, స్కేట్ బ్లేడు కత్తే. స్కేట్లు మామూలు బూటు కంటే సైజు, సైజున్నర చిన్నవి పడతాయి. ఎదిగే పిల్లాడు కదా అని పెద్దవి కొన్నారంటే చీలమండ లోపలికి వాలిపోయి నిలబడలేడు. కొత్త స్కేట్లను సాన పట్టించకుండా మంచు మీదికి పంపితే అడుగడుక్కీ జారతాడు. స్టిక్ స్కేట్లు తొడిగినప్పుడు గడ్డం దాకా, విప్పితే ముక్కు దాకా రావాలి. స్టిక్ పొడుగైతే కోసేయొచ్చు. హెల్మెట్, నెక్ గార్డ్ కొత్తవి కొనండి, మిగతావి సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. ఆట అయ్యాక అన్నీ సంచిలోంచి తీసి ఆరబెట్టండి, లేకపోతే కంపు కారు ఎక్కితే దిగదు.

చాలా అసోసియేషన్లలో పేర్ల నమోదు వసంతంలోనే మొదలవుతుంది, సెప్టెంబరులో వెతికితే చోటు దొరకడం కష్టం. ఊరికే రుచి చూపించాలంటే ఆరు నుంచి పదేళ్ళవాళ్ళకు ఫస్ట్ షిఫ్ట్ అని కొత్తవాళ్ళ కార్యక్రమం ఉంది, సామాన్లు ఫీజులోనే కలిపి ఇస్తారు. ముందుగా ఊళ్ళోనే ఆడుకునే హౌస్ లీగ్‌లోనే వేయండి. ఎంపిక చేసిన పిల్లలతో వేరే ఊళ్ళకు వెళ్ళి ఆడే రెప్ జట్ల ఖర్చు, వారాంతపు ప్రయాణాలు రెండేళ్ళ తర్వాత ఆలోచించొచ్చు.