శ్రీకృష్ణదేవరాయల రాణి చిన్నాదేవి పుట్టుపూర్వోత్తరాలు తిరుమల శాసనాల్లో ఎందుకు దొరకడం లేదు?

మొదట, మీరు వెతికే పేరే తేడా. శాసనాల్లో ఆమె "చిన్నాజీదేవి". "చిన్నాదేవి" అని వెతికితే చేతికి ఏమీ రాకపోవచ్చు.

1. దేవస్థానం శాసన సంపుటాల్లో మూడోది తీయండి, అది రాయలవారి కాలానిది. 1513 ఫిబ్రవరి శాసనం చూడండి. స్వామికి పాలారగింపు కోసం రాణులు చిన్నాజీదేవి, తిరుమలదేవి చెరో బంగారు గిన్నె ఇచ్చారని ఉంటుంది.

2. అందరూ తప్పేది ఇక్కడే: శాసనం కానుకను చెబుతుంది, కులగోత్రాలు కాదు. ఆమె వేశ్య అన్న మాట కొండమీద రాళ్లలో వెతకొద్దు. అది పోర్చుగీసువాళ్లు రాసింది. రాయలు రాజు కాకముందే ఆమెకు పెళ్లి మాట ఇచ్చాడని ఆ పోర్చుగీసువాళ్లలో పాయెస్, నూనిజ్ ఇద్దరూ రాశారు. పట్టాభిషేకమయ్యాక కూడా రాత్రిపూట చాటుగా ఆమె ఇంటికి వెళ్తుంటే మంత్రి తిమ్మరుసు వెంబడించి పట్టుకున్నాడని, చివరికి ఆ పెళ్లికి తిమ్మరుసు ఒప్పుకున్నాడని నూనిజ్ కథనం. పాయెస్ 1520 ప్రాంతంలో విజయనగరం చూసినవాడు. నూనిజ్ తర్వాతివాడు, విన్నది కలిపి రాస్తాడు, కాస్త చూసి నమ్మండి.

3. తిరుమల గుడిలో ఆమె విగ్రహం విషయం: మహాద్వారం (గుడి ప్రధాన ద్వారం) దాటగానే కుడివైపు చూడండి. చేతులు జోడించిన రాయలు, అటూ ఇటూ రాణులు. భుజాల మీద పేర్లు చెక్కి ఉంటాయి, అవి చదివి తేల్చుకోండి. ఎడమవైపు రాతి జంట రాయల తమ్ముడు అచ్యుతరాయలు, అతని రాణి వరదాజమ్మ. ఈమెను చూసి చిన్నాదేవి అనుకోవద్దు.

ఫోను లోపలికి రానివ్వరు. క్యూ తోసేస్తుంది, తిరుగుదారిలో ఆగి చూడండి.