ఆపరేషన్ జరుగుతుంటే మెలకువగా ఉండాలా?

ప్రశ్న: నా వయసు 54. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే కుట్టు మిషన్ మీద బట్టలు కుడుతున్నాను. ఏడాదిన్నరగా రాత్రి నిద్రలో కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే గాని తగ్గదు. నరాల పరీక్ష చేసి కార్పల్ టన్నెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) అన్నారు. రాత్రిళ్లు మణికట్టుకు పట్టీ కట్టుకున్నాను, ఒకసారి ఇంజెక్షన్ కూడా చేయించుకున్నాను. కొన్నాళ్లకు మళ్లీ మొదటికి వచ్చింది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తామని, చేతికి మాత్రమే మత్తు ఇస్తామని, నేను మెలకువగానే ఉంటానని డాక్టర్ చెప్పారు. నాకు షుగర్, బీపీ ఉన్నాయి. కోస్తుంటే తెలుస్తుందేమోనని భయంగా ఉంది. పైగా, అడ్రినలిన్ కలిపిన మత్తుమందు వేళ్లకు ఇస్తే వేళ్లు కుళ్లిపోతాయని, మందుల షాపు నడిపే మా మరిది అంటున్నాడు. పూర్తి మత్తు ఇమ్మని అడగమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ డాక్టర్ చెప్పిన పద్ధతి మీకు సరైనదేనని నా అభిప్రాయం. షుగర్, బీపీ ఉన్నవారికి పూర్తి మత్తు కంటే ఇదే ఎక్కువ అనుకూలం. అయితే మీ భయమూ, మీ మరిది గారి సందేహమూ రెండూ కొట్టిపారేయదగ్గవి కావు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా మరిది గారి మాట. ఆయన చదివింది అబద్ధం కాదు, పాతది. దశాబ్దాల పాటు వైద్య విద్యార్థులందరికీ అదే నేర్పారు. 1880 నుంచి 2000 వరకు వైద్య పత్రికల్లో వచ్చిన కేసులను వెతికి చూసినప్పుడు, మత్తు ఇంజెక్షన్ తరువాత వేలు కుళ్లిన సందర్భాలు 48 కనిపించాయి. వాటిలో అడ్రినలిన్ వాడినవి 21 మాత్రమే. చాలా వాటిలో వాడిన మత్తుమందు కొకెయిన్ లేదా ప్రొకెయిన్. ఈనాడు మనం వాడే, అడ్రినలిన్ కలిపిన లిడోకెయిన్ ఒక్క దానిలోనూ లేదు. ప్రొకెయిన్ నిల్వ ఉన్న కొద్దీ బాగా ఆమ్లంగా మారే మందు. కణజాలాన్ని పాడుచేసింది ఆ ఆమ్లమేనని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. కెనడాలో డాక్టర్ డొనాల్డ్ లాలోండ్, ఆయన సహచరులు వేళ్లకూ చేతులకూ అడ్రినలిన్ వాడిన 3,110 కేసులను వరుసగా గమనించి 2005లో ప్రచురించారు. వాటిలో ఒక్క వేలూ పోలేదు. ఆ తరువాత చాలా అరుదుగా వేలు దెబ్బతిన్న నివేదికలు కొన్ని రాకపోలేదు. అందుకే ఆపరేషన్ అయ్యాక గోరు నొక్కి వదిలి, గులాబీ రంగు తిరిగి వస్తోందో లేదో చూసిన తరువాతే రోగిని ఇంటికి పంపుతారు. రంగు రాకపోతే అడ్రినలిన్ ప్రభావాన్ని తిప్పికొట్టే ఫెంటోలమిన్ అనే మందు ఉంది. మీరు చేయవలసిన చిన్న పని ఒకటుంది: ఆపరేషన్ నాటికి ఆ చేతి గోళ్లకు గోరింటాకు గానీ రంగు గానీ లేకుండా చూసుకోండి. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే తీసి వెళ్లండి.

అసలు అడ్రినలిన్ ఎందుకు కలుపుతారో కూడా చెప్పాలి. అది చిన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. కోసిన చోట రక్తం చాలా తక్కువగా కారుతుంది. అది లేకపోతే రక్తం ఆపడానికి పై చేతికి బీపీ పట్టీ లాంటి టోర్నికే బిగించాలి. మత్తు ఇచ్చిన అరచేతి కంటే ఆ బిగింపే ఎక్కువ బాధపెడుతుంది. మెలకువగా ఉన్న మనిషి దాన్ని చాలాసేపు ఓర్చుకోలేరు. చేతి ఆపరేషన్లకు పూర్తి మత్తు గానీ, చెయ్యంతా మొద్దుబార్చే బ్లాక్ గానీ ఇవ్వడానికి ఇన్నాళ్లూ ఒక ముఖ్య కారణం ఆ పట్టీయే. పట్టీ అవసరం తీరడంతో, మీలాంటివారు మామూలుగా భోజనం చేసి, రోజువారీ మందులు వేసుకుని వచ్చి, ఆపరేషన్ చేయించుకుని నడిచి ఇంటికి వెళ్లే వీలు కలిగింది. షుగర్ మాత్రలు వేసుకుని పరగడుపున పడిగాపులు కాయవలసిన పని ఉండదు. అయినా ఆ రోజు ఏమి తినాలో, ఏ మాత్ర వేసుకోవాలో మీ డాక్టర్‌నే అడిగి తెలుసుకోండి.

ఇక నొప్పి సంగతి. నిజం చెప్పాలంటే మీకు బాధ కలిగించగలిగేది ఇంజెక్షనే గాని కోత కాదు. ఆ బాధను కూడా బాగా తగ్గించవచ్చు. లిడోకెయిన్‌కు కొంచెం సోడియం బైకార్బొనేట్ కలిపితే మంట తగ్గుతుంది. చాలా సన్నని సూదితో, తొందరపడకుండా, మందు ముందు సాగి సూది వెనుక వచ్చేటట్టు ఇస్తే చాలామందికి తెలిసేది మొదటి పోటు ఒక్కటే. ఇంజెక్షన్ చేసేటప్పుడు కూర్చోవద్దు, పడుకోండి. కళ్లు తిరగడం జరిగేది ఆ సమయంలోనే. తరువాత ఇరవై, ముప్పై నిమిషాలు ఆగాలి. ఆ కాసేపు గుండె దడదడలాడినట్టు, కాఫీ ఎక్కువైనట్టు చెయ్యి కొద్దిగా వణికినట్టు అనిపించవచ్చు. అది అడ్రినలిన్ చేసే పని, దానంతట అదే తగ్గిపోతుంది. ఈ మాట ముందే చెప్పని చోట రోగులు గుండెపోటు వచ్చిందనుకుని అల్లాడిపోతారు. అరచేయి తెల్లబడటమూ మామూలే.

కోసేటప్పుడు తాకిడి, ఒత్తిడి, లాగుతున్నట్టు ఉండటం తెలుస్తాయి, నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పండి, అప్పటికప్పుడు ఇంకొంచెం మందు ఇస్తారు. అందుకు వెసులుబాటు చాలా ఉంటుంది: 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిపిన 1 శాతం లిడోకెయిన్ సుమారు 40 మిల్లీలీటర్ల వరకు ఇవ్వవచ్చు, మీ ఆపరేషన్‌కు 20 మిల్లీలీటర్లు సాధారణంగా చాలు. పళ్లు బిగించి ఓర్చుకోవడం గొప్ప అనుకునే అలవాటు మన ఆడవాళ్లలో ఎక్కువ. దయచేసి అక్కడ ఆ పని చేయకండి. చేతికీ ముఖానికీ మధ్య గుడ్డ కడతారు, చూడాలని లేకపోతే మీకేమీ కనిపించదు. మణికట్టు దగ్గర నరాన్ని నొక్కుతున్న పట్టీలాంటి పొరను విడదీసే ఈ పని పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

ఆపరేషన్‌కు ముందు మీరు వాడే మందులన్నీ, చీటీతో సహా, డాక్టర్‌కు చూపించండి. తిమ్మిర్లకని ఎవరైనా అమిట్రిప్టిలిన్ రాసి ఉంటే, బీపీకి ప్రొప్రనలాల్ వాడుతుంటే తప్పక చెప్పాలి. ఇవి అడ్రినలిన్‌తో కలిసినప్పుడు బీపీ, గుండె వేగం మారవచ్చు. బీపీ అదుపులో లేకపోయినా, గుండె లయ తప్పే జబ్బున్నా, చలికి వేళ్లు తెల్లగా నీలంగా మారుతున్నా, పొగ తాగడం వల్ల వేళ్లకు రక్తప్రసారం తగ్గినా ఈ పద్ధతి అందరికీ చెప్పినట్టు చెప్పలేం. మత్తు దిగేలోపే నొప్పి మాత్ర వేసుకోండి, రెండు మూడు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. రాత్రి తిమ్మిర్లు సాధారణంగా త్వరగానే తగ్గుతాయి. అరచేతి మడమ దగ్గర నొప్పి మాత్రం కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఉండవచ్చు. కత్తెర పట్టే చెయ్యి మీది. పెళ్లిళ్ల కాలం ఆర్డర్లు ఒప్పుకునే ముందు ఈ లెక్క చూసుకోండి. వేళ్లు ఎప్పుడూ మొద్దుగానే ఉండే దశ వచ్చి ఉంటే స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. అందుకే ఇంకా వాయిదా వేయవద్దంటున్నాను.

ప్రశ్న: పగిలిన గాజు కోసుకుని మా తమ్ముడికి ఉంగరపు వేలి నరం తెగింది. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి కుట్టారు. మధ్యలో వాడిని వేలు ముడవమని, చాపమని అన్నారట. వేసిన కుట్లు ఊడిపోవా? ఇలా ఎందుకు చేస్తారు?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మన వాడుకలో నరం అంటే స్పర్శ తెచ్చే నరమూ, రక్తనాళమూ, కండను ఎముకకు కలిపే తాడులాంటి టెండన్, మూడూ అవుతాయి. వేలు ముడవమన్నారంటే మీ తమ్ముడికి తెగింది టెండన్ అయి ఉండాలి. పూర్తి మత్తులో గానీ చెయ్యంతా మొద్దుబారిన బ్లాక్‌లో గానీ ఉన్న మనిషి తనంతట తాను వేలు కదపలేడు. చేతికి మాత్రమే మత్తు ఇస్తే ముంజేతిలోని కండలు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి, కుట్టిన టెండన్ మీద అసలు బలం పడినప్పుడు ఏమవుతుందో గాయం మూయక ముందే కళ్లారా చూడవచ్చు. కుట్టు వదులై రెండు కొసల మధ్య సందు వస్తే అక్కడికక్కడే మళ్లీ కుడతారు. టెండన్ జారే గొట్టం అంచుకు తగులుకుంటే సరిచేస్తారు. ఊడిపోయే కుట్టే అయితే అది అక్కడ, డాక్టర్ చేతిలో ఉన్నప్పుడే ఊడటం మంచిది. ఇంటికి వెళ్లాక పది రోజులకు తెగితే రెండో ఆపరేషన్ కావాలి. పైగా తన వేలు కదలడం తాను చూసిన మనిషి తరువాతి వ్యాయామాలను ధైర్యంగా చేస్తాడు.

ఆ వ్యాయామాలే ఇప్పుడు ముఖ్యం. కుట్టిన మొదటి వారంలోనే, ఫిజియోథెరపిస్టు చూపిన మేరకు, చెప్పినంత వరకే వేలు కదపాలి. అసలు కదపకపోతే టెండన్ చుట్టూ అతుక్కుపోతుంది, మితిమీరి కదిపితే తెగుతుంది. వేలు ముడుస్తుండగా టప్‌మని శబ్దం వచ్చి, ఆ తరువాత వేలు ముడుచుకోకపోతే అదే రోజు డాక్టర్‌ను కలవాలి. పన్నెండు వారాల దాకా ఆ చేత్తో నీళ్ల బకెట్టు గానీ గ్యాస్ సిలిండర్ గానీ ఎత్తనివ్వకండి.