లేని రైలు ఎక్కించకు

తమ్ముడూ,

నీ కథ మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఉత్త కథగా, రెండోసారి పక్కన శ్రీలంక మ్యాపు పరుచుకుని. మొదటిసారి బాగుంది. రెండోసారి పద్నాలుగో పేజీలో ఆగిపోయాను.

1992లో, అక్కడ యుద్ధం నడుస్తుండగా, నీ సెల్వి చంటిబిడ్డను చంకనేసుకుని లంక ఉత్తర కొసన ఉన్న జాఫ్నాలో రాత్రి రైలెక్కింది. తెల్లారేసరికి కొలంబోలో దిగింది. మధ్యలో కిటికీలోంచి కొండలు చూస్తూ ఏడ్చింది. ఆ దారిలో పేరున్న రైలు యాళ్ దేవి. 1990లో ఆగిపోయింది. మళ్లీ జాఫ్నా స్టేషన్‌కి వచ్చింది 2014 అక్టోబరులో. మధ్యలో రైలే కాదు, పట్టాలూ లేవు. పట్టాలు, స్లీపర్లు పీకి బంకర్లకు వాడుకున్నారు. ఇక కొండలంటావా, జాఫ్నాలో తలెత్తి చూడాల్సినవి తాటిచెట్లూ గుడి గోపురాలే.

సిగ్గుపడకు. నేనూ ఇదే పని చేశాను. మన భారత శాంతిసేన 1987లో లంకకు వెళ్లి 1990లో తిరిగొచ్చాక, ఒక జవాను మీద కథ రాసి వారపత్రికకు పంపాను. అందులో మావాడు జాఫ్నా ఊరవతల నది ఈదుతాడు. అచ్చయిన నెలకి శ్రీకాకుళం వైపు నుంచి ఒక మాజీ జవాను అడ్రసు కనుక్కుని మరీ వచ్చాడు. కొట్లాటకేమో అనుకున్నా. టీ తాగాక, "అక్కడ ఏరు లేదు బాబూ, అన్నీ నూతులే" అన్నాడు. బల్ల మీదున్న పెళ్లి శుభలేఖ వెనక్కి తిప్పి పెన్ను అడిగాడు. ముందు సందులు గీశాడు. సందుకి రెండువైపులా తాటాకు దడి, మనిషి కన్నా ఎత్తు. దడి అవతల ఎవరున్నారో తెలీదు. ప్రతి దొడ్లో ఒక నుయ్యి. ఒక నూతి పక్కన ఏతం కూడా గీశాడు. "మా ఊళ్లో ఉండేది బాబూ ఇలాంటిదే" అని దాని మీద పెన్ను రెండుసార్లు తిప్పాడు. ఆ శుభలేఖ ఇప్పటికీ నా దగ్గరుంది. పెళ్లికొడుకు పేరు మర్చిపోయాను.

తర్వాత చదివితే తెలిసింది, ఆయన గీసింది భూగర్భశాస్త్రమే. జాఫ్నా ద్వీపకల్పం కింద సున్నపురాయి. వాన పడితే నీళ్లు లోపలికి ఇంకిపోతాయి. ఏడాది పొడుగునా పారే నది లేదు. అందుకే నూతులు, ఆ నూతుల మీద ఉల్లి, మిరప, పొగాకు. నీ కథలో సెల్వి తండ్రి వరి తప్ప ఇంకేమీ పండించడు. ఆయనకు రెండు మళ్లు పొగాకు ఇవ్వు. 1990 తర్వాత ఉత్తరాదికి పెట్రోలు, బ్యాటరీలు, ఎరువులు, సిమెంటు రానివ్వలేదు. అప్పుడు మోటారు ఆగిపోయి, ఎప్పుడో మూలన పడేసిన ఏతం మళ్లీ తీస్తాడు. యుద్ధం గురించి నువ్వు రాసిన రెండు పేజీల ఉపన్యాసం కన్నా ఆ ఏతం కిర్రుమనడం ఎక్కువ చెబుతుంది. సైకిల్ డైనమోతో రేడియో పెట్టుకుని వార్తలు వినేవాళ్లు. ఒకడు సైకిలు స్టాండు వేసి పెడలు తొక్కుతుంటే మిగతావాళ్లు చుట్టూ చేరి వినడం, అదీ వాడుకో.

ఇప్పుడు సెల్వి ప్రయాణం. మ్యాపు మీద దారం పెట్టి రోడ్డు వంపుల వెంబడి కొలిచి చూడు. జాఫ్నా నుంచి కొలంబోకి సుమారు 400 కిలోమీటర్లు వస్తుంది. 1992లో ఆ అంకె ఎవరికీ పనికిరాలేదు. ద్వీపకల్పాన్ని మిగతా లంకతో కలిపే మెడ లాంటి చోటు ఎలిఫెంట్ పాస్. అక్కడ సైన్యం శిబిరం, చుట్టూ టైగర్లు, అంటే ఈళం అనే వేరే తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈ వాళ్లు. దారి లేదు. మిగిలింది కిలాలి దగ్గర ఉప్పు కయ్య, అంటే సముద్రపు నీళ్ల మడుగు. జనం రాత్రిపూట చీకట్లో అక్కడ పడవలెక్కేవాళ్లు. ఆ నీళ్లను నేవీ నిషిద్ధ ప్రాంతం అని ప్రకటించింది కాబట్టి కనపడితే కాల్పులే. 1993 జనవరిలో అలాగే చాలామంది చచ్చిపోయారు. అవతలి ఒడ్డున దిగి, కిళినొచ్చి మీదుగా ట్రాక్టరో సైకిలో పట్టుకుని, వవునియా ముందు తాండికుళం దగ్గర సైన్యం తనిఖీ దాటాలి. దానికన్నా ముందు, అసలు ఊరు విడవడానికి టైగర్ల పాసు కావాలి. ఇంత అయ్యాక వవునియాలో రైలు దొరుకుతుంది. చూశావా, నీకు రైలు ఉంది, కాకపోతే సగం దారిలో.

కథకు మ్యాపు కావాలని నేను పోరేది ఇందుకే. ఊరికీ ఊరికీ మధ్య ఎంత దూరమో నాకు అక్కర్లేదు. ఆ దూరం దాటడానికి ఆ ఏడాది, ఆ మనిషికి ఎంతసేపు పట్టిందో కావాలి. మ్యాపులో అది ఉండదు, మ్యాపు లేకుండా అది తెలియదు.

మ్యాపు చూపించనిది ఇంకోటి, గడియారం. 1996లో శ్రీలంక ప్రభుత్వం గడియారాలు ముందుకు జరిపింది. టైగర్ల ఇలాకాలో జరపలేదు. 2002 సంధి తర్వాత జాఫ్నా వెళ్లే ఎ9 రోడ్డు తెరిచినప్పుడు, ఓమంతై చెక్‌పోస్టు దాటి ఉత్తరానికి పోయే బస్సు ప్రయాణికుడు అరగంట వెనక్కి వెళ్లేవాడు. 2006లో ప్రభుత్వం మళ్లీ పాత టైముకే వచ్చింది, అదే ఏడాది రోడ్డూ మూతపడింది. ఒకే దీవి, రెండు టైములు. నవలకి ఇలాంటిది ఒకటి దొరికితే పండగే.

ఊరి పేర్లు మాత్రం గట్టిగా పట్టుకో. మనకు అందులో ఒక వాటం ఉంది. తమిళ ఊళ్ల పేర్లు కాస్త చెవి పెట్టి వింటే తెలుగువాడికి అర్థమవుతాయి. ఆఱు అంటే మన ఏరు, కుళం అంటే కొలను, వాయ్‌క్కాల్ అంటే కాలువ, కడల్ అంటే కడలి. సింహళంలో చెరువు వెవ, వాగు ఓయ. ఈ ఆరు మాటలు కాగితం మీద రాసుకుని మ్యాపు ముందు కూర్చో. ముల్లైత్తీవు కింద మణలాఱు అని ఒక చోటు కనిపిస్తుంది, ఇసుక ఏరు అని అర్థం. ఇంకో మ్యాపులో అదే చోట వెలిఓయ అని ఉంటుంది. దానర్థమూ ఇసుక వాగే. పేరుని చక్కగా అనువాదం చేశారు. 1984లో అక్కడి తమిళ రైతుల్ని ఖాళీ చేయించి, దక్షిణం నుంచి సింహళ కుటుంబాల్ని తెచ్చి పెట్టారు. ఆ అనువాదం వెనక కథ అది.

కాబట్టి ఏ మ్యాపైనా ముందు ఎవరు గీశారో చూడు. టైగర్ల ఈళం మ్యాపులో ఉత్తరం, తూర్పు రాష్ట్రాలతో పాటు పుత్తళం తీరం కూడా ఉంటుంది. ఆ రెండు రాష్ట్రాల్ని భారత్–శ్రీలంక ఒప్పందం తర్వాత కలిపారు. 2006లో సుప్రీంకోర్టు ఆ కలపడం చెల్లదంది. అంటే నువ్వు కొనే మ్యాపు ఏ ఏడాదిదో చూడకపోతే సరిహద్దే తప్పు. ఇక తూర్పున అంపారై జిల్లాకి ఏ గీతా సరిపోదు. ఒక ఊరు తమిళులది, పక్క ఊరు ముస్లింలది, దాని పక్కది సింహళులది. అక్కరైపట్టు చుట్టుపక్కల ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే వాళ్లూ ఉన్నారు! పాములాడించుకుంటూ తిరిగిన కులం, సింహళులు అహికుంటక అంటారు. వాళ్ల గురించి ఎవరైనా రాయాలి. నువ్వు కాదులే, ముందు ఇది పూర్తి చెయ్యి.

పుస్తకాల సంగతి అడిగావు. లిస్టు ఇవ్వను. లిస్టు ఇస్తే అన్నీ కొని అలమరలో పెడతావు. ఒకదానితో మొదలుపెట్టు. 'ది బ్రోకెన్ పాల్మైరా', అంటే విరిగిన తాటిచెట్టు. జాఫ్నా యూనివర్సిటీ వాళ్లు నలుగురు రాశారు. సైన్యం, మన శాంతిసేన, టైగర్లు, ఎవరినీ వదలలేదు. నలుగురిలో ఒకరు రజని తిరణగమ, అనాటమీ విభాగం హెడ్డు. 1989 సెప్టెంబరు 21న సైకిలు మీద ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. 35 ఏళ్లు. కాల్చింది టైగర్లేనని ఆమె సహచరులు చెబుతూనే ఉన్నారు. పుస్తకం బయటికొచ్చింది ఆమె పోయాక, 1990లో. మన శాంతిసేన గురించి ఆ పుస్తకం చెప్పే మాటలు చదువుతుంటే కుర్చీలో ఇబ్బందిగా కదులుతావు. కదలాలి. నాకైతే ఆ శుభలేఖ మ్యాపుని మళ్లీ తీసి చూడాలనిపించింది. ఆ జవాను నాకు దడి ఇవతల నుంచి గీసిచ్చాడు. అవతల నూతి దగ్గర ఉన్నదెవరో ఈ పుస్తకంలో ఉంది.

మహావంశం కూడా చదువు, మొత్తం కాదు, సింహళ రాజు దుట్టగామణి తమిళ రాజు ఎలారను గెలిచిన అధ్యాయాలు. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి పాళీ కావ్యం. దక్షిణాన రాజకీయ సభల్లో దాన్ని నిన్నటి పేపరులా చదువుతారు. అది తెలియకుండా సింహళ పాత్ర రాస్తే వాడు విలన్‌గానే మిగిలిపోతాడు. 1987–89 మధ్య దక్షిణాదిలో తిరుగుబాటు చేసి వేల సంఖ్యలో మాయమైన సింహళ కుర్రాళ్ల గురించి చదివితే, కొడుకు కోసం పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగే సింహళ తల్లి కూడా నీ కథలోకి వస్తుంది. జాఫ్నా ముస్లింల సంగతి మర్చిపోకు. 1990 అక్టోబరులో టైగర్లు రెండు గంటలు టైమిచ్చి ఊరు ఖాళీ చేయమన్నారు. ఉత్తరాది మొత్తం మీద 70 వేల మందికి పైగా వెళ్లిపోయారు, చాలామంది పుత్తళంలో తేలారు. నీ సెల్వి వీధి చివర కుట్టుమిషను షాపు ఉందన్నావు. ఆ షాపు 1992లో ఎవరిది?

నవలలు ఆఖరున చదువు. ముందే చదివితే, ముఖ్యంగా మైకేల్ ఒండాట్జీ లాంటివాణ్ని, ఆ వాక్యాల మంచు నీ కళ్లకీ కమ్ముతుంది. తర్వాత అన్నీ అలాగే కనిపిస్తాయి.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటావు. జాఫ్నా లైబ్రరీని 1981 మే 31 రాత్రి తగలబెట్టారు. 97,000 దాకా పుస్తకాలు, తాళపత్రాలు పోయాయి. ఆ లైబ్రరీ కట్టినప్పుడు సలహా ఇచ్చినవాడు మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. భవనం మళ్లీ కట్టారు. కాలిన కాగితం తిరిగి రాదు కాబట్టి ఈళం తమిళులు నూలకం అని ఒక డిజిటల్ లైబ్రరీ పెట్టుకున్నారు. పాత పత్రికలు, ఊరి చరిత్రలు, స్కూలు సావనీర్లు, ఏవి దొరికితే అవి స్కాన్ చేసి ఉచితంగా పెడుతున్నారు. తమిళం రాకపోతే చదవగలిగే మనిషిని పక్కన కూర్చోబెట్టుకో. స్కూలు సావనీర్లు వదలకు. వెనక పేజీల్లో షాపుల ప్రకటనలుంటాయి, వీధి మొత్తం అక్కడే దొరుకుతుంది.

నీ కథ చివర్లో 2009కి, యుద్ధం ముగిసిన ఏడాదికి, దూకావు. అది తీసెయ్యమని నా సలహా. ఒక పేరాలో అయ్యేది కాదు. కావాలంటే వేరే కథ రాయి, కానీ ముందు చివరి పోరు జరిగిన ముళ్ళివాయ్‌క్కాల్ మ్యాపు చూడు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు నందిక్కడల్ కయ్య, మధ్యలో ఇసుక పట్టీ. కాల్పులు జరపని ప్రాంతం అని ప్రభుత్వం మూడుసార్లు ప్రకటించింది. ఫిబ్రవరిలో ప్రకటించింది సుమారు 14 చదరపు కిలోమీటర్లు, మే నెలది ఇంకా చిన్నది. మూడింట్లోనూ ఫిరంగి గుళ్లు పడ్డాయి. బయటికి పారిపోబోయినవాళ్ల మీద టైగర్లూ కాల్చారు. ఆ తొలి నెలల్లో లోపల చిక్కుకున్నవాళ్లు 70,000 అన్నట్టు ప్రభుత్వం చెబుతూ వచ్చింది. అయిపోయాక శిబిరాల్లో చేరినవాళ్లే 2,80,000 దాకా లెక్క తేలారు. 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో రాసింది. ఈ అంకెలు కథలో పెట్టకు. నీ నోటుబుక్కులో ఉంటే చాలు, చెయ్యి అదుపులో ఉంటుంది.

సరే, పద్నాలుగో పేజీకి రా. రైలు తీసెయ్, కిలాలి పెట్టు. ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు, నువ్వే తేల్చాలి. కిక్కిరిసిన పడవ, లోపలికి నీళ్లు వస్తుంటాయి, అందరూ వంతులవారీగా తోడాలి. తోడటానికి ఒక చెయ్యి, పడవ అంచు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. సెల్వి చంకలో బిడ్డ ఉంది, ఏడవనివ్వకూడదు. ఆమె వంతు వచ్చినప్పుడు బిడ్డను ఎవరి చేతికిచ్చింది?

అది రాసి పంపు.

మీ అన్న