వేలిముద్ర పడని రైతుకు పీఎం కిసాన్ ఈకేవైసీ ఎలా?

అనంతపురం దగ్గర పల్లెలో ఉన్న మీ నాన్నగారికి వేలిముద్ర పడటం లేదని, ఓటీపీ పాత సిమ్‌కి పోతోందని, ముఖం చూపిస్తే చాలంటున్నారు, నిజమేనా అని అడిగారు. నిజమే. 2023 జూన్ నుంచి పీఎం కిసాన్ మొబైల్ యాప్‌లో ముఖం గుర్తింపుతో ఈకేవైసీ, అంటే ఆధార్ ద్వారా లబ్ధిదారు ఆయనేనని నిర్ధారించడం, చేసుకోవచ్చు. ఓటీపీ అక్కర్లేదు, వేలిముద్రా అక్కర్లేదు.

ఏళ్ల తరబడి చెనిక్కాయ పీకిన చేతులు కదా, బొటనవేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. మా పెదనాన్న వేలు తడిగుడ్డతో తుడిచి నాలుగుసార్లు పెట్టినా మెషీన్ తీసుకోలేదు. మూడు విడతల్లో ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు ఆగిపోతాయేమోనని ఆయన పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఫోన్‌లో పీఎం కిసాన్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా వేసుకోవాలి. చాలామంది ఈ రెండోది వదిలేసి, కెమెరా తెరుచుకోలేదని ఇబ్బంది పడతారు. నాన్నగారిని వసారాలో వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టండి, తలపాగా, కళ్లద్దాలు తీయించండి. యాప్ అడిగినప్పుడు కళ్లు ఆర్పమనండి. ఫొటో చూపించి మోసం చేయకుండా ఆ ఏర్పాటు. ఆయనకు స్మార్ట్‌ఫోన్ లేకపోయినా మీ ఫోన్‌లోనే చేయొచ్చు, ఒకరి యాప్ నుంచి మరో 100 మంది రైతులకు చేసే వీలుంది.

ఆధార్‌కి కొత్త నంబర్ మాత్రం తప్పకుండా కలిపించండి. మిగతా పథకాలకు ఓటీపీ దానికే వస్తుంది. ఎవరు ఫోన్ చేసి అడిగినా ఆ ఓటీపీ చెప్పొద్దనండి.